న్యూజిలాండ్ ప్రభుత్వోద్యోగానికి మావోరి భాష, ప్రాథమిక జీవశాస్త్రం: సమగ్ర మార్గదర్శి

గ్రూప్స్ పరీక్షలకు తయారైనవారెవరైనా న్యూజిలాండ్‌లో ప్రభుత్వోద్యోగం అనగానే ముందు సిలబస్ కోసం వెతుకుతారు. అక్కడ అలాంటిది దొరకదు. పూర్వం ఆ దేశంలోనూ కుర్రవాళ్లను గుమాస్తా ఉద్యోగాలకు ఎంపిక చేసే ప్రవేశ పరీక్ష ఉండేది. ఇప్పుడు ఏ శాఖకు కావలసిన మనుషులను ఆ శాఖే ఎంచుకుంటుంది. ప్రకటన, దరఖాస్తు, ఇంటర్వ్యూ, పోస్టును బట్టి ఒక చిన్న రాత పనో ఆచరణ పనో ఉంటాయి. అంటే పరీక్ష పోలేదు, ఒక్కో పోస్టుకు ఒక్కో రూపంలో ఉంది.

ప్రకృతి సంరక్షణ శాఖ, వ్యవసాయ–మత్స్య–అటవీ వ్యవహారాలు చూసే ప్రాథమిక పరిశ్రమల మంత్రిత్వ శాఖ వంటి చోట్ల ఆ దేశపు మూలవాసుల భాష అయిన మావోరి, జీవశాస్త్రం రెండూ అవసరమవుతాయి. ఈ రెండింటినీ ఒకే సబ్జెక్టుగా చదవమన్నది నా గట్టి సలహా. అక్కడి చెట్లకూ పక్షులకూ చేపలకూ వాడుకలో ఉన్న పేర్లలో చాలా భాగం మావోరి పేర్లే. వాటిని కాపాడే చట్టాల్లోనూ మావోరి మాటలున్నాయి. విడివిడిగా చదివితే శ్రమ రెట్టింపు, ఫలితం సగం.

ముందుగా: ఏ పోస్టుకు ఎంత కావాలో తేల్చుకోండి

ప్రభుత్వ ఖాళీలన్నీ ఒకేచోట కనిపించే అధికారిక ఉద్యోగాల వెబ్‌సైటు ఉంది. అక్కడ మీకు నచ్చిన నాలుగైదు ప్రకటనలు తీసి, వాటితో పాటు ఇచ్చే ఉద్యోగ వివరణ పత్రాన్ని వాక్యం వాక్యం చదవండి. మావోరి గురించి మూడు రకాల మాటలు కనిపిస్తాయి: భాష నేర్చుకునే ఆసక్తి ఉండాలి అని, ప్రాథమిక స్థాయి ఉంటే మంచిది అని, ధారాళంగా మాట్లాడగలగాలి అని. మొదటి రెండింటికి ఆరేడు నెలల నిజాయితీ గల కృషి చాలు. మూడోదానికి ఏళ్లు పడుతుంది.

ఇంకో సంగతి కూడా దృష్టిలో పెట్టుకోండి. 2023లో వచ్చిన సంకీర్ణ ప్రభుత్వం శాఖలు ప్రధానంగా ఇంగ్లీషు పేరునే వాడాలని, ఇంగ్లీషులోనే వ్యవహరించాలని విధానం పెట్టుకుంది. అందువల్ల భాషకు ఇచ్చే ప్రాధాన్యం శాఖను బట్టి మారుతోంది. అయినా మావోరి భాష హోదా మారలేదు. 1987 నుంచి మావోరి అధికార భాష. 2020 నాటి ప్రభుత్వ సేవల చట్టం మావోరి ప్రజలతో ప్రభుత్వ సంబంధాన్ని నిలబెట్టడం ఉద్యోగుల వ్యవస్థ బాధ్యతేనని చెబుతోంది.

పని చేసే హక్కు, అంటే తగిన వీసా లేదా రెసిడెన్సీ, మనవైపు డిగ్రీలకు అక్కడి అర్హతల సంస్థ నుంచి గుర్తింపు, ఈ రెండు పనులూ చదువుతో పాటే మొదలుపెట్టండి. కాగితాలకు పట్టే సమయం చదువుకు పట్టే సమయం కంటే తక్కువేమీ కాదు.

మొదటి మెట్టు: అచ్చులు, హల్లులు

మావోరిలో అచ్చులు అయిదు: అ, ఎ, ఇ, ఒ, ఉ. ప్రతిదానికీ దీర్ఘముంది. మనకు అ–ఆ, ఇ–ఈ, ఉ–ఊ, ఎ–ఏ, ఒ–ఓ చిన్ననాటి నుంచి వేరువేరు అక్షరాలు కాబట్టి, ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారు నెలల తరబడి తడబడే ఈ తేడా తెలుగువారికి మొదటి రోజే పట్టుబడుతుంది. పైగా మావోరి మాటలన్నీ మన అజంత పదాల్లాగే అచ్చుతో ముగుస్తాయి. రోమన్ లిపిలో దీర్ఘాన్ని అచ్చు మీద గీతతో చూపుతారు. రాత పరీక్షలో ఆ గీత మరిచిపోతే మాటే మారిపోతుంది. ‘కెకె’ అంటే కేకు, ‘కేకే’ అంటే చంక. ‘మటుఅ’ తండ్రి, ‘మాటుఅ’ తల్లిదండ్రులు. ‘టఙట’ మనిషి, ‘టాఙట’ మనుషులు. ‘వహినె’ స్త్రీ, ‘వాహినె’ స్త్రీలు.

హల్లులు పదే. వాటిలో రెండింటిపై శ్రద్ధ పెట్టాలి. ఒకటి మన వర్ణమాలలో ఉండి కూడా మనం దాదాపు వాడని ‘ఙ’. ‘గంగ’ అనేటప్పుడు గకు ముందు ముక్కులోంచి వచ్చే ధ్వని అదే. మావోరిలో అది మాట మొదట్లోనూ వస్తుంది: ‘ఙా మను’ అంటే పక్షులు. ‘గంగ, గంగ’ అని పలుకుతూ గను వదిలేసి ‘ఙ’ దగ్గర ఆగడం సాధన చేయండి. రెండోది చాలా ప్రాంతాల్లో ‘ఫ’లా పలికే ధ్వని: ‘ఫరె’ అంటే ఇల్లు, ‘ఫా’ అంటే నాలుగు. ట ధ్వని మన ట కంటే నాలుక కాస్త ముందుకు, త కంటే కాస్త వెనక్కి ఆనినప్పుడు వస్తుంది. మన పత్రికల్లో ‘మావోరీ’ అని రాస్తుంటారు గానీ పలుకుబడి మా–ఒ–రి. దేశం పేరు అ–ఒ–టె–అ–రొ–అ. అచ్చులు పక్కపక్కన వచ్చినా ఒక్కటీ మింగకూడదు.

మొదటి రెండు వారాలు ఊళ్ల పేర్లతో గడపండి. టామకి మకఉరఉ అంటే ఆక్లండ్, టె ఫఙనుఇ–అ–టర వెల్లింగ్టన్, ఓటఉటహి క్రైస్ట్‌చర్చ్, కిరికిరిరొఅ హామిల్టన్, ఓటెపొటి డునెడిన్. ఇంటర్వ్యూలో ఊరి పేరు సరిగ్గా పలికితే, భాషను గౌరవిస్తున్నారని అడగకుండానే అర్థమవుతుంది. పలుకుబడికి ఆసరాగా టె అక అనే ఉచిత ఆన్‌లైన్ నిఘంటువు ఉంది, అందులో మాటలను వినవచ్చు. 2004లో మావోరి టెలివిజన్‌గా మొదలై ఇప్పుడు ఫకఅట మాఒరి పేరుతో నడుస్తున్న సంస్థ కార్యక్రమాలు రోజూ పది నిమిషాలు, అర్థం కాకపోయినా వినండి. చెవి ముందు తెరుచుకోవాలి.

రెండో మెట్టు: వాక్యం

వ్యాకరణంలో ఒక సౌకర్యం, ఒక చిక్కు ఉన్నాయి. సౌకర్యం సర్వనామాలది. మనకు మేము వేరు, మనం వేరు. మావోరికీ అంతే. వినేవారిని కలుపుకుంటే ‘టాటొఉ’, కలుపుకోకపోతే ‘మాటొఉ’. ఇంగ్లీషులో ఈ తేడా లేదు కాబట్టి అక్కడి తరగతి గదుల్లో దీన్ని ఎంతో సేపు వివరిస్తారు. మనం చేయాల్సిందల్లా ద్వివచనాన్ని కొత్తగా చేర్చుకోవడం: నువ్వూ నేనూ ఇద్దరమే అయితే ‘టాఉఅ’, నేనూ మరొకరూ అయితే ‘మాఉఅ’. సంస్కృతం చదివినవారికి ఇది పాత పరిచయమే. కాకపోతే మన ‘మీరు’ లాంటి గౌరవ బహువచనం లేదు. ఎదుట ఉన్నది ఒక్కరైతే ఎంతటి పెద్దవారైనా ‘కొఎ’ అనే అంటారు.

చిక్కు సంబంధ రూపాలది. ‘నా’ అనడానికి రెండు రూపాలున్నాయి: ‘టాకు’, ‘టోకు’. మీరు నడిపేవి, చేసేవి, మీ అధీనంలో ఉండేవి ‘టాకు’ వైపు: పుస్తకం, భోజనం, పిల్లలు. మిమ్మల్ని మోసేవి, మీకు ఆసరా ఇచ్చేవి, మీలో భాగమైనవి ‘టోకు’ వైపు: ఇల్లు, పడవ, తల్లిదండ్రులు, శరీర భాగాలు, నేల, తాగే నీరు. ‘టాకు టమఇటి’ నా బిడ్డ, ‘టోకు మటుఅ’ నా తండ్రి. నియమాన్ని బట్టీ పట్టడం కంటే, ఇంట్లో ఉన్న వస్తువులను రోజూ ఈ రెండు వరుసల్లో రాయడం మేలు.

ఇక వాక్య క్రమం. మన క్రియ చివర వస్తే, వారి క్రియ ముందు వస్తుంది. ‘కెఇ టె హఎరె అహఉ కి టె కుర’ అంటే నేను బడికి వెళుతున్నాను. ‘కెఇ టె’ ఇప్పుడు జరుగుతున్నదానికి, ‘ఇ’ జరిగిపోయినదానికి, ‘కుఅ’ ఇప్పటికే పూర్తయినదానికి గుర్తు. ఈ మూడూ, ప్రశ్నల్లో ‘హె అహ’ (ఏమిటి), ‘కొ వఇ’ (ఎవరు), ‘నో హెఅ’ (ఎక్కడివారు), ‘ఎ హిఅ’ (ఎన్ని) వస్తే ప్రాథమిక స్థాయి సంభాషణ సాగుతుంది. పేరు అడిగేటప్పుడు ‘ఏమిటి’ అనరు, ‘ఎవరు’ అంటారని గుర్తుంచుకోండి: ‘కొ వఇ టో ఇఙొఅ?’

మూడో మెట్టు: పరిచయం

చాలా శాఖల్లో ఇంటర్వ్యూ చిన్న ప్రార్థనతో, మావోరిలో పలకరింపుతో మొదలవుతుంది. అక్కడ మీ వంతు వస్తే అర నిమిషం చాలు. ముందు ఎదుట ఎంతమంది ఉన్నారో చూడండి. ఒక్కరైతే ‘టేనా కొఎ’, ఇద్దరైతే ‘టేనా కోరుఅ’, ముగ్గురూ అంతకు మించితే ‘టేనా కొఉటొఉ’. ప్యానెల్లో ఇద్దరే కూర్చుంటే బట్టీ పట్టిన బహువచనం నప్పదు.

ఆ తర్వాత ఇలా చెప్పవచ్చు: ‘కొ లక్ష్మి టోకు ఇఙొఅ. నో ఈనిఅ అహఉ. ఇ టిపు అకె అఉ కి రాజమహేంద్రవరం. కొ తెలుగు టోకు రెఒ. కెఇ టామకి మకఉరఉ టోకు కాఇఙ ఇనాఇఅనెఇ. నో రెఇర, టేనా కొఉటొఉ కటొఅ.’ నా పేరు లక్ష్మి, భారతదేశం నుంచి వచ్చాను, రాజమహేంద్రవరంలో పెరిగాను, నా భాష తెలుగు, ఇప్పుడు ఆక్లండ్‌లో ఉంటున్నాను, అందరికీ నమస్కారం అని అర్థం.

మావోరి వారు తమ కొండ, నది, పూర్వీకులు వచ్చిన పడవ, తెగ పేర్లు చెప్పుకుని పరిచయమవుతారు. అది వంశ సంబంధం. అక్కడ నాలుగేళ్లు ఉన్నంత మాత్రాన అక్కడి కొండను ‘నా కొండ’ అని మనం చెప్పుకోకూడదు. పెరిగిన ఊరు, మాట్లాడే భాష, ఇప్పుడున్న చోటు నిజాయితీగా చెబితే చాలు, దానికే ఎక్కువ గౌరవం. మావోరి తెగల సమావేశ మందిరంలోకి వెళ్లేటప్పుడు చెప్పులు విప్పడం మనకు కొత్త కాదు. భోజనం పెట్టే బల్ల మీద కూర్చోకూడదని, ఎదుటివారి తల తాకకూడదని కూడా తెలుసుకోండి. ఇంటర్వ్యూకు కుటుంబసభ్యులనో స్నేహితులనో తోడు తెచ్చుకోవచ్చని చాలా ప్రకటనల్లో ఉంటుంది. అది మర్యాద కోసం రాసినది కాదు, నిజంగానే తీసుకెళ్లవచ్చు.

నాలుగో మెట్టు: ఒప్పందం చదవడం

1840 ఫిబ్రవరి 6న మావోరి నాయకులకూ బ్రిటిష్ ప్రభుత్వానికీ మధ్య వఇటఙిలో కుదిరిన ఒప్పందం గురించి ప్రశ్న రాకుండా ప్రభుత్వ ఇంటర్వ్యూ ముగియడం అరుదు. ఒప్పందానికి రెండు పాఠాలున్నాయి. ఇంగ్లీషు పాఠం సార్వభౌమత్వాన్ని బ్రిటిష్ రాణికి అప్పగించినట్టు చెబుతుంది. మావోరి పాఠంలో అప్పగించినది ‘కావనటఙ’ అంటే పరిపాలన. భూములపై, నివాసాలపై, విలువైన సమస్తంపై తెగల పూర్తి అధికారం మాత్రం వారి దగ్గరే ఉంటుంది. సంతకం చేసిన 500 మందికి పైగా నాయకుల్లో ఇంగ్లీషు పాఠం మీద చేసినవారు 39 మందే. ఈ రెండు పాఠాలను పక్కపక్కన పెట్టుకుని ఒకసారైనా పూర్తిగా చదవండి. ఒప్పందపు సూత్రాలుగా చెప్పే భాగస్వామ్యం, పాలుపంచుకోవడం, రక్షణ అనే మూడు మాటలు అప్పజెప్పడం అందరూ చేసే పనే. ‘ఈ పోస్టులో నేను రోజూ చేసే ఫలానా పనిలో ఇది ఎలా కనిపిస్తుంది’ అని చెప్పగలగడమే అసలు జవాబు.

ఆ జవాబుకు జీవశాస్త్రం ఇక్కడే తోడవుతుంది. 1987 నాటి సంరక్షణ చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం ఆ చట్టాన్ని ఒప్పందపు సూత్రాలు అమలయ్యేలా నడపాలి. అడవిలో ఎలుకల మందు చల్లాలన్నా, నదిలో చేపల లెక్క తీయాలన్నా ఆ ప్రాంతపు తెగతో కూర్చుని మాట్లాడాలి. 2017లో ఫఙనుఇ నదికి చట్టం న్యాయపరమైన వ్యక్తిత్వం ఇచ్చింది. కొండ నుంచి సముద్రం దాకా నదిని ఒకే ప్రాణిగా ఆ చట్టం గుర్తించింది.

అయిదో మెట్టు: జీవశాస్త్రం

కణం, కిరణజన్య సంయోగక్రియ, ఆహారపు గొలుసు, వర్గీకరణ, వంశపారంపర్యం మన పదో తరగతి పుస్తకంలో ఉన్నంత చాలు. ఆ భాగాన్ని వేగంగా తిరగేయండి. సమయమంతా ఆ ద్వీపాల ప్రత్యేకత మీద పెట్టండి.

దాదాపు 8 కోట్ల ఏళ్ల కిందట గోండ్వానా అనే పురాతన మహాఖండం నుంచి విడిపోయిన నేల అది. నేల మీది క్షీరదాల్లో అక్కడ సహజంగా ఉన్నవి గబ్బిలాలు మాత్రమే, మావోరిలో ‘పెకపెక’. నేల మీద వేటాడే క్షీరదాలు లేకపోవడంతో కివి, కాకాపో, టకహే వంటి పక్షులు ఎగరడం మానుకున్నాయి. మనుషులతో పాటు ఎలుకలు వచ్చాయి. 1837 నుంచి బొచ్చు వ్యాపారం కోసం చెట్లెక్కే సంచి జంతువులైన ఆస్ట్రేలియా పోసమ్‌లను, 1880లలో కుందేళ్లను అదుపు చేయడానికి స్టోట్‌లను తెచ్చారు. స్టోట్ ముంగిసను పోలిన వేటజంతువు, అది కుందేళ్లను వదిలి కివి పిల్లల మీద పడింది. 2016లో ప్రకటించిన లక్ష్యం ప్రకారం 2050 నాటికి ఎలుకలు, పోసమ్‌లు, స్టోట్ జాతి జంతువులు దేశంలో ఉండకూడదు. ‘ఎందుకు చంపాలి?’ అనే ప్రశ్నకు ఈ చరిత్రతో కలిపి జవాబు చెప్పడం నేర్చుకోండి.

పరీక్షించేవారికి ఇష్టమైనవి ఒకదానికొకటి పోలినట్టుండి వేరైన జతలు. టుఅటర తొండలా కనిపిస్తుంది గానీ తొండల క్రమానికి చెందదు, తన క్రమంలో మిగిలిన ఒకే ఒక్క జీవి. మావోరిలో ‘టున’ అంటే మనకు డబ్బాల్లో దొరికే సముద్రపు చేప కాదు, నదుల్లో ఉండే పాములాంటి ఈల్ చేప. పొడవు రెక్కల టున నదిలో దశాబ్దాలు బతికి, జీవితంలో ఒక్కసారి పసిఫిక్ ఉష్ణ జలాలకు ఈదుకెళ్లి, గుడ్లు పెట్టి చనిపోతుంది. దారిలో ఆనకట్ట కడితే ఏమవుతుందో మీరే చెప్పగలరు.

ఇంకొక జత మరీ ముఖ్యం. అక్కడి మహావృక్షాలైన కౌరి చెట్లను చంపే తెగులు, మిర్టిల్ తుప్పు తెగులు. మొదటిదానికి కారణం ఫైటోఫ్తోరా జాతి జీవి. శిలీంధ్రంలా కనిపిస్తుంది గానీ శిలీంధ్రం కాదు. మట్టిలో ఉండి వేళ్లను పట్టుకుంటుంది, పూర్తిగా నయం చేసే మందు లేదు. బూట్లకు అంటిన చిటికెడు మట్టితో వ్యాపిస్తుంది. అందుకే అడవి దారుల మొదట్లో బూట్లు తోమి, మందు నీళ్లు చల్లుకునే ఏర్పాట్లు ఉంటాయి. 2017 డిసెంబరులో ఆక్లండ్ పశ్చిమాన వఇటాకెరె కొండల్లోకి ఎవరూ వెళ్లకూడదని టె కవెరఉ ఆ మకి తెగ ‘రాహుఇ’ అంటే తాత్కాలిక నిషేధం విధించింది. రెండోది నిజమైన శిలీంధ్రం, సిద్ధబీజాలు గాలిలో ఎగురుతాయి. ప్రధాన భూభాగంలో 2017 మే నెలలో బయటపడింది. పోహుటుకవ, రాటా, మానుక చెట్ల కుటుంబానికి ముప్పు. బూట్లు కడిగితే మొదటిది ఆగుతుంది, రెండోది ఆగదు. ఏది ఎందుకు ఆగుతుందో చెప్పినవారికి జీవశాస్త్రం వచ్చినట్టే.

విమానాశ్రయంలో క్వారంటైన్ అధికారి ఉద్యోగం కావాలంటే 1993 నాటి జీవభద్రత చట్టం చదవండి. మన కుటుంబాలకు ఇది దగ్గరి విషయం. అమ్మ కట్టిచ్చిన కరివేపాకు రెమ్మలు, మామిడి పండ్లు, విత్తనాల పొట్లం ప్రయాణికుల ప్రకటనలో రాయకపోతే అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా. రాస్తే, లోపలికి రానివ్వకపోయినా జరిమానా ఉండదు. ఒక్క పండులోని పండు ఈగ గుడ్లు తోటలను ఏం చేస్తాయో తెలిసిన తెలుగు అధికారి ఆ తల్లికి ఆమె భాషలోనే నచ్చజెప్పగలరు. 2010లో టె పుకె ప్రాంతపు కివీ పండ్ల తోటలను ఒక బాక్టీరియా ఎలా దెబ్బతీసిందో ఉదాహరణగా సిద్ధం చేసుకోండి.

ఆరో మెట్టు: మిమ్మల్ని మీరే పరీక్షించుకోండి

వారానికి ఒక రోజు పుస్తకాలు మూసి, గంట సేపు ఇలా రాయండి.

ముందు అయిదు మాటలు ఎవరిచేతైనా చదివించుకుని దీర్ఘాలతో సహా రాయండి. తర్వాత కెరెరూ అనే అడవి పావురం బొమ్మ ముందు పెట్టుకుని మావోరిలో నాలుగు వాక్యాలు: ‘హె అహ టేనెఇ?’ ఇదేమిటి. ‘హె కెరెరూ టేనా.’ అది కెరెరూ. ‘హె అహ టె కఇ అ టె కెరెరూ?’ కెరెరూ ఆహారమేమిటి. ‘హె హుఅ రాకఉ.’ చెట్ల పండ్లు. ఆహారం తినేవారి అధీనంలోనిది కాబట్టి ఇక్కడ ‘ఒ’ కాకుండా ‘అ’ వచ్చిందని గమనించారా?

అదే పక్షి మీద జీవశాస్త్ర ప్రశ్న: కెరెరూ తగ్గిపోతే ఏ చెట్లు తగ్గిపోతాయి, ఎందుకు? మిరొ, టవ, కరక వంటి చెట్ల పెద్ద పండ్లను మింగి, గింజలను దూరంగా జారవిడిచే స్థాయి పక్షి ఇప్పుడు దాదాపు ఇదొక్కటే. ఇలా ఒక్కో వారం ఒక్కో జీవిని తీసుకోండి. ఆరు నెలలకు పాతిక జీవులు, నూరు వాక్యాలు చేతిలో ఉంటాయి.

మీ స్థాయికి అధికారిక రుజువు కావాలంటే, 1987 చట్టంతోనే ఏర్పడిన మావోరి భాషా సంఘం, టె టఉర ఫిరి ఇ టె రెఒ మాఒరి, స్థాయి నిర్ధారణ పరీక్ష నిర్వహిస్తుంది. ఫలితాన్ని ఉత్తీర్ణత, వైఫల్యం అని కాకుండా అయిదు స్థాయిల్లో చెబుతారు. తేదీలు, రుసుము సంఘం వెబ్‌సైటులోనే చూసుకోండి. వచ్చిన స్థాయిని దరఖాస్తులో ఉన్నదున్నట్టు రాయండి. మొదటి స్థాయి రాసినందుకు ఎవరూ తక్కువగా చూడరు, లేని స్థాయి రాస్తే రెండో ప్రశ్నకే తెలిసిపోతుంది.

ఒంటరిగా చదివి ఇక్కడిదాకా రావచ్చు గానీ మాట్లాడటం మనుషుల మధ్యే వస్తుంది. టె వానఙ ఒ అఒటెఅరొఅ అనే సంస్థలో పౌరులకు, రెసిడెంట్లకు చాలా మావోరి కోర్సులకు ఫీజు లేదు, సాయంత్రం తరగతులూ ఉంటాయి. సంరక్షణ శాఖలో రేంజర్ కావాలనుకుంటే నెల్సన్‌లో శిక్షణ రేంజర్ల సర్టిఫికెట్ కోర్సు ఉంది, అందులో ఈ రెండు చదువులూ అడవిలోనే కలుస్తాయి. అంతవరకు ఆగనక్కర లేకుండా, ఊళ్లో ఎలుకల బోనులు పెట్టే, మొక్కలు నాటే స్వచ్ఛంద బృందంలో శనివారాలు చేరండి. ఇంటర్వ్యూలో చెప్పడానికి ఉదాహరణలు అక్కడే దొరుకుతాయి.

1972 సెప్టెంబరు 14న 30 వేలకు పైగా సంతకాలతో, మా భాషను బడుల్లో నేర్పండి అని మావోరి వారు పార్లమెంటుకు అర్జీ పెట్టుకున్నారు. 2023 జనగణన నాటికి ఆ భాష మాట్లాడేవారు 2 లక్షలు దాటారు. ఏటా ఆ తేదీ వచ్చే వారంలో మావోరి భాషా వారోత్సవాలు జరుగుతాయి, గ్రంథాలయాల్లోనూ కార్యాలయాల్లోనూ కొత్తవారి కోసం ఉచిత తరగతులు పెడతారు. సాధన మొదలుపెట్టడానికి ముహూర్తం వెతుకుతున్నవారు ఆ వారంలో పేరు నమోదు చేసుకోండి.